ఉప్పు కొట్టు మెట్ల మీద చెక్కు

టర్ ద్వీపం, న్యూఫౌండ్‌లాండ్.
డిసెంబరు 2, సోమవారం.

కార్మిక శాఖ జిల్లా అధికారి శ్రీ లెస్టర్ పెన్నీ గారి సముఖమునకు,

టర్ ద్వీపం కాపురస్థుడు, స్నూక్ వారి పీతల ఫ్యాక్టరీలో కాళ్ళు విరిచే బల్ల దగ్గర ముప్పై నాలుగు సీజన్లుగా పనిచేయుచున్న సెల్బీ యెట్‌మన్, వయస్సు అరవై ఒకటి, వ్రాసి పంపుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: జీతములు బ్యాంకు ఖాతాలో జమచేయక కాగితపు చెక్కుల రూపమున ఇచ్చుచుండుటను గురించి, మూడవ పర్యాయము.

సూచిక: మూడేళ్ళ క్రిందటి ఇరవై ఆరుగురి ఉమ్మడి అర్జీ, కిందటి సంవత్సరపు నా అర్జీ, వాటికి తమరు దయచేసిన రెండు జవాబులు. రెండు జవాబులలోనూ తేదీ తప్ప ఏమీ మారలేదు.

తమకు తీరిక తక్కువని ఎరిగియుండి కూడా ఈ క్రింది అంశములు తెలియపరచుకొనుచున్నాను.

1. గత రెండు అర్జీలు వ్రాసినది నా భార్య మెల్వినా. తీసి చూడండి, అక్షరాలు గుండ్రంగా, వరసలు తిన్నగా ఉంటాయి. ఈసారి రాత నాది. పీతల కాళ్ళు విరిచి విరిచి నా వేళ్ళు వంకర్లు పోయాయి కనుక అక్షరాలూ అలాగే ఉంటాయి. అధికారికి రాసేటప్పుడు ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు వెయ్యాలనీ, మధ్యలో కోపం వస్తే అక్కడితో ఆపి తర్వాతి నంబరు వేసుకోవాలనీ ఆమె నాకు చెప్పింది. నంబర్లు ఎక్కువగా కనబడితే కారణం అదేనని గ్రహించగలరు.

2. మా దీవిలో బ్యాంకు లేదు. ఉన్న ఒక్క కౌంటరు కిటికీనీ తొమ్మిదేళ్ళ క్రితం మూసుకుని పోయారు. ఇప్పుడు బ్యాంకు ముఖం చూడాలంటే ఫెర్రీ మీద గంట, అవతలి ఒడ్డు నుంచి రోడ్డు మీద ఇంకో గంట. ఆ బ్యాంకు సోమవారం నుంచి శుక్రవారం దాకా తెరిచి ఉంటుంది. మేము సోమవారం నుంచి శుక్రవారం దాకా పీతల దగ్గర ఉంటాం. శని ఆదివారాలు మాకు సెలవు, దానికీ సెలవే. చెక్కును ఫోనుతో ఫొటో తీసి బ్యాంకుకు పంపుకొనవచ్చునని తమరు సలహా ఇచ్చియున్నారు. తమ సలహా ప్రకారం మెల్వినా మూడుసార్లు పంపింది. స్నూక్ గారి చేతిరాతను మిషను చదవలేక మూడుసార్లూ వెనక్కి కొట్టింది. ఆ మిషనును నేను తప్పుపట్టను.

3. అందుచేత దీవిలోని వారందరూ చెక్కులను స్నూక్ గారి చెల్లెలు ఎఫీ గారి దుకాణంలో మార్చుకొనవలసి వచ్చుచున్నది. ఆమె పద్ధతి ఏమనగా, చెక్కులో అయిదో వంతుకు ముందు సరుకులు కొనాలి. మిగతాది, గల్లాపెట్టెలో నోట్లు ఉంటే నోట్లు. లేకపోతే చీటీ రాసి ఇస్తుంది. ఆ చీటీ ఆమె దుకాణంలో తప్ప భూప్రపంచంలో ఇంకెక్కడా చెల్లదు. ఈ విధముగా మా వంటింట్లో ఊరవేసిన బీట్‌రూట్ సీసాలు పంతొమ్మిది చేరాయి. మా ఇద్దరిలో ఎవరమూ బీట్‌రూట్ తినం. జూన్ నెలలో క్రిస్మస్ లైట్లు కొన్నాను. ఒక వారం నా కొలత బూట్లు లేవని, రెండంగుళాలు పెద్దవి చేతిలో పెట్టి, "గుడ్డలు కుక్కుకోవయ్యా, కాళ్ళకి వెచ్చగా ఉంటుంది" అంది. గురువారం వచ్చేసరికి దీవి మొత్తం మీద ఎవరి జేబులోనూ నోటు ఉండదు. ఎఫీ గారి చీటీలు ఉంటాయి.

4. చెక్కు ఇచ్చు విధానము. శుక్రవారం నాలుగున్నరకు పని ఆపి మేము ఇరవై ఆరుగురం ఫ్యాక్టరీ ఉప్పు కొట్టు మెట్ల మీద వరసగా నిలబడాలి. వరస ఇంటిపేర్ల మొదటి అక్షరాన్ని బట్టి, ఏ నుంచి జెడ్ దాకా. అందరికంటే ముందు గెర్టీ ఆబట్, అందరికంటే చివర యెట్‌మన్, అంటే నేను. పై మెట్టు మీద, కొట్టు తలుపు దగ్గర బల్ల వేసుకుని థియోడర్ స్నూక్ గారు కూర్చుంటారు. చెక్కులు ముందుగా రాసి ఉంచరు. మనిషి ఎదటికి వచ్చి నిలబడ్డాక, తండ్రిగారి సిరా కలంతో పేరు, అంకెలు, అక్షరాలు, సంతకం అన్నీ అక్కడికక్కడే రాసి, ఊది ఆరబెట్టి, అప్పుడు ఇస్తారు. తీసుకునేవాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని "థాంక్యూ సార్" అనాలి. అన్నాక ఆయన ఒక మాట దయచేస్తారు. హెర్బ్ అనే కుర్రాడితో, "ఈ వారమైనా ఇది ఇల్లు చేరుతుందా, దారిలోనే తాగేస్తావా?" అంటారు. గెర్టీతో, "కొత్త కోటు కుట్టించావట, జీతం ఎక్కువైనట్టుందే తల్లీ" అంటారు. నాతో ప్రతి శుక్రవారం ఒకటే మాట: "చివరివాడివి అబ్బాయ్, తలుపు వేసి పో." ఆయనకు యాభై మూడేళ్ళు. నాకు ఎన్నో పైన రాశాను. అంతకుముందు ఇదే బల్ల దగ్గర వాళ్ళ నాన్న కూడా నాతో ఇదే మాట అనేవాడు.

5. ఎవరి చెక్కు వారే స్వయముగా తీసుకొనవలెను. జ్వరమైనా, కాన్పైనా సరే. శుక్రవారం మెట్ల మీద కనబడకపోతే పై శుక్రవారమే.

6. దీనికి ఆయన చెప్పు కారణములు రెండు. ఒకటి, ఖాతాలో వేసే సదుపాయం తమ ఫ్యాక్టరీలో లేదు. రెండవది, మర్యాద. "మీట నొక్కితే డబ్బు పడిపోతే ఇక నేనెవరు, మీరెవరు? మనిషి మొహం చూసి చేత్తో ఇవ్వడం మా వంశంలో మర్యాద" అంటారు. వారి వంశం మర్యాద మాకు తెలియనిది కాదు. మా తాతల కాలంలో చేపలు తీసుకుని, డబ్బుకు బదులు పిండీ బెల్లప్పాకమూ ఇచ్చినది వారి తాతలే, ఈ మెట్ల మీదే. మా నాన్న కళ్ళతో నోటు చూసింది పెళ్ళయ్యాకనట.

7. తమ జవాబులలో, "చెక్కు కూడా చట్టసమ్మతమైన చెల్లింపు విధానమే. యాజమాన్యము వద్ద ఎలక్ట్రానిక్ సదుపాయము లేదని విచారణలో తెలిసినది. ఉద్యోగులకు కలుగుచున్నది స్వల్ప అసౌకర్యము. సామరస్యముగా చర్చించుకొనగలరు" అని సెలవిచ్చియున్నారు. విచారణ ఎవరిని చేశారని మెల్వినా తమ కార్యాలయానికి ఫోను చేసి అడిగింది. స్నూక్ గారినే అడిగామని చెప్పారట. దొంగను పిలిచి "నువ్వేనా?" అని అడిగినట్టుందని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

8. అర్జీలో ఛీ అని రాయకూడదని తెలుసు. ఛీ.

9. జూన్ 14వ తేదీ శుక్రవారము జరిగినది. అప్పటికి మెల్వినా సెయింట్ జాన్స్‌లో పెద్దాసుపత్రిలో చేరి మూడో వారం. సీజను మధ్యలో వదిలి వెళితే మళ్ళీ పనిలో పెట్టుకోరని నన్ను దీవిలోనే ఉండమని తనే చెప్పింది. గురువారం మధ్యాహ్నం నర్సు ఫ్యాక్టరీ నంబరుకు చేసి, నన్ను పిలిపించి, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

"ఏమయ్యా, రేపు శుక్రవారం కదూ?"

"అవును. చెక్కు తీసుకుని అయిదింటి ఫెర్రీకి వచ్చేస్తా."

"చెక్కూ వద్దు, గిక్కూ వద్దు. పొద్దున ఫెర్రీకి వచ్చెయ్. రేపు ఆ మెట్ల మీద నిలబడకు."

"చేతిలో చిల్లిగవ్వ లేకుండా అంత దూరం ఎలా రానే? వ్యాను వాడికేమిస్తా? అక్కడ పడక్కి ఏమిస్తా?"

"నీ మొహం తెచ్చుకో, చాలు."

తర్వాత నర్సు ఫోను తీసుకుని, "యెట్‌మన్ గారూ, ఎంత తొందరగా రాగలిగితే అంత తొందరగా రండి" అంది. దాని అర్థం నాకు తెలిసింది. అయ్యా, నాకు తెలియలేదని చెప్పడం లేదు.

10. శుక్రవారం పొద్దున ఎఫీ గారి దుకాణానికి వెళ్ళి, సాయంత్రం చెక్కు తెచ్చి ఇచ్చుకుంటాను, ఇప్పుడు కాస్త డబ్బు సర్దండి అని అడిగాను. "చెక్కు తే, డబ్బు పట్టుకెళ్ళు. కాగితం లేకుండా ఇవ్వడానికి నాదేమైనా బ్యాంకా?" అంది. నిజమే, బ్యాంకు కాదు. ఆ మాట ఏడాదికొకసారైనా ఒప్పుకుంటుంది.

ఒంటిగంటకు స్నూక్ గారి గదికి వెళ్ళాను. టోపీ తీశాను.

"సార్, మెల్వినాకి బాగాలేదు. నా చెక్కు ఇప్పుడే రాసి ఇప్పించండి."

"అయ్యయ్యో. మంచి మనిషి పాపం. నాలుగున్నరకి రా."

"ఫెర్రీ అయిదింటికి సార్. నేను చివరివాణ్ణి. నా వంతు వచ్చేసరికి అయిదూ పది అవుతుంది."

"నీ ఒక్కడికి ముందిస్తే, వచ్చే వారం ఇరవై ఆరుగురికీ ఇరవై ఆరు కష్టాలొస్తాయి. వరస వరసే అబ్బాయ్."

11. నాలుగున్నరకు మెట్ల దగ్గర గెర్టీ నా చెయ్యి పట్టుకుని లాగింది. "అన్నా, నువ్వు నా చోట్లోకి రా. నేను చివర నిలబడతా" అంది. వెనక ఉన్న ఇరవై నాలుగు మందీ, పో సెల్బీ, పో అని నన్ను ముందుకు తోశారు. నేను పై మెట్టుకు చేరేసరికి స్నూక్ గారు కలానికి మూత పెట్టేశారు.

"గెర్టీ, ఎవరి చోట్లో వాళ్ళుంటేనే రాస్తాను."

"వాళ్ళావిడ ఆస్పత్రిలో ఉంది సార్. అదే మీ ఇంట్లో మనిషైతే ఇలాగే అంటారా?"

"మా ఇంట్లో మనిషైతే మెట్ల మీద ఎందుకుంటాడు తల్లీ?"

చలోక్తి విసిరాననుకుని నవ్వారు. ఆ మూత తెరుచుకోవాలంటే నేను కిందికి దిగాలి. దిగాను. ఆఖరి మెట్టు మీద, నా చోట్లో నిలబడ్డాను.

12. గెర్టీ తన చెక్కు లాక్కుని, థాంక్యూ కూడా చెప్పకుండా, ఫెర్రీ కెప్టెన్ని బతిమాలడానికి రేవుకు పరిగెత్తింది. ఆయన అయిదింటికి ఒక కూత వేశాడు. ఆగాడు. మళ్ళీ కూత వేశాడు. తొమ్మిది నిమిషాలు ఆపాడని తర్వాత తెలిసింది. ఆ తొమ్మిది నిమిషాలకు నేను ఆయనకు ఈ జన్మంతా రుణపడి ఉంటాను. నాకు ముందున్న మనిషికి రాస్తుండగా కలంలో సిరా అయిపోయింది. స్నూక్ గారు సొరుగు లాగి, సిరాబుడ్డి తీసి, కలం విప్పి, నింపి, పాళీని గుడ్డతో రెండువైపులా తుడిచి, గుడ్డ మడతపెట్టి, సొరుగు మూశారు. అప్పుడు నా పేరు రాయడం మొదలుపెట్టారు. మూడో కూత వినబడింది.

నేను టోపీ తీశాను. థాంక్యూ సార్ అన్నాను.

"చివరివాడివి అబ్బాయ్, తలుపు వేసి పో" అన్నారు.

వేశాను. అయ్యా, నేను వెనక్కి తిరిగి ఆ తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, అప్పుడు పరిగెత్తాను. ఫెర్రీ రాళ్ళకట్ట దాటిపోతోంది.

13. శనివారం ఈశాన్యపు గాలి లేచి ఫెర్రీని రేవులోనే కట్టేశారు. ఆ మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు మెల్వినా చనిపోయింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకునే ఉందట. ఆ అమ్మాయి నాకు ముక్కూ మొహం తెలియదు. ఆదివారం కూడా గాలి తగ్గలేదు.

14. సోమవారం అవతలి ఒడ్డున వ్యాను నడిపే లెవై బ్రేక్ దగ్గరకు వెళ్ళి, "బాబూ, నా దగ్గర చెక్కు తప్ప ఇంకేం లేదు" అన్నాను. "ఎక్కవయ్యా పెద్దాయనా, నిన్నెవడు డబ్బులడిగాడు?" అన్నాడు. దారి మధ్యలో టీ కూడా తనే ఇప్పించాడు.

ఈ అంశం దగ్గర నేను వారం రోజులు ఆగిపోయాను. రాయకపోతే మెల్వినా ఊరుకోదు, కనుక రాస్తున్నాను. శుక్రవారం పొద్దున వచ్చి ఉంటే లెవై ఈ మాటే అనేవాడు. నా జేబులో పద్నాలుగు డాలర్లు ఉన్నాయి. ఫెర్రీ టికెట్టుకు సరిపోయేవి. నన్ను ఎవరూ ఆ మెట్లకు కట్టెయ్యలేదు. వద్దని చెప్పింది కూడా. శుక్రవారం వస్తే కాళ్ళు అటే నడుస్తాయి, చెయ్యి టోపీ మీదకే పోతుంది, ముప్పై నాలుగేళ్ళుగా అంతే. స్నూక్‌ను అసహ్యించుకోవడం తేలిక, దానికి నాకు ఏ అర్జీ అక్కర్లేదు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనబడేవాణ్ణి చూస్తే అంతకంటే రోతగా ఉంది. దీనిని తమ ఫైలులో ఏ మాట కింద రాసుకుంటారో నాకు తెలియదు. స్వల్ప అసౌకర్యము అని మాత్రం ఈసారి రాయవద్దని కోరుచున్నాను.

15. పై చెక్కును నేను మార్చుకొనలేదు. గోడ గడియారం వెనక దోపి ఉంచాను.

16. నవంబరు 21వ తేదీ గురువారం పగలు పదకొండు గంటలకు స్నూక్ గారు మా ఇంటికి విచ్చేశారు. టోపీ తియ్యకుండానే వంటింట్లో మెల్వినా కుర్చీలో కూర్చున్నారు. ఉన్నవి రెండే కుర్చీలు కనుక అది మామూలుగా నేను చూసీ చూడనట్టు పోవలసిన విషయం. పోలేకపోయాను.

"ఆ చెక్కు మార్చుకోలేదేంటి అబ్బాయ్? అకౌంటెంటు నా ప్రాణం తోడేస్తున్నాడు. నీ ఒక్క కాగితం వల్ల ఏడాది లెక్క తేలడం లేదట."

"మార్చుకోను సార్."

"ఆరు నెలలు దాటితే చెల్లదు."

"పోనీండి."

"పోనిస్తే ఎలా? నువ్వు పుచ్చుకోకపోతే నేనేమని రాసుకోను?" ఇలా అని జేబులోంచి మడతలు పెట్టిన ఒక పాత కాగితం తీశారు. మూడేళ్ళ క్రితం ఉమ్మడి అర్జీతో పాటు ఆయనకు ఇచ్చిన జాబితా అది. ఇరవై ఆరు పేర్లు, ప్రతి పేరు ఎదురుగా డబ్బు పంపవలసిన నంబరు. అక్షరాలు గుండ్రంగా, వరసలు తిన్నగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ సొరుగులో భద్రంగా దాచారన్నమాట. అట్టడుగున వేలు పెట్టి, "ఇదేనా నీ నంబరు?" అన్నారు. అదేనన్నాను. ఫోను తీసి బొటనవేలితో నాలుగైదు చోట్ల నొక్కారు.

"అయిపోయింది. ఆ చెక్కు చింపెయ్."

"సార్, ఈ సదుపాయం మన దగ్గర లేదన్నారు కదా?"

"లేకపోవడమేంటి? పడవల వాళ్ళకి, అకౌంటెంటుకి, ఉప్పు కంపెనీకి, అందరికీ దీంట్లోనే పంపుతా."

"మరి మాకు?"

"మీతో అలా కాదు అబ్బాయ్. మీకు చేత్తో ఇస్తేనే మర్యాద."

17. కావున సదుపాయము లేదని తమరు విచారణలో తెలుసుకొన్న విషయము అబద్ధమనియు, సదుపాయము ఆయన కోటు జేబులోనే ఉన్నదనియు, దానికి పట్టు కాలము ఒక నిమిషము లోపేననియు సాక్షిగా తెలియపరచుకొనుచున్నాను.

ప్రార్థించునది:

(అ) వచ్చే ఏప్రిల్‌లో సీజను మొదలయ్యేలోగా నాతో పనిచేసే ఇరవై అయిదు మందికీ జీతములు నేరుగా ఖాతాలో జమ అగునట్లు ఉత్తరువు ఇప్పించవలెను. నంబర్ల జాబితా స్నూక్ గారి దగ్గరే ఉన్నది. నేను ఆ మెట్లు ఇక ఎక్కను, కనుక నా పేరు కొట్టివేయవచ్చును.

(ఆ) ఉత్తరువు ఇచ్చుటకు చట్టములో వీలు లేనిచో, తమరు ఒక్క శుక్రవారము స్వయముగా విచ్చేసి, ఆఖరి మెట్టు మీద, నా చోట్లో, నాలుగున్నర నుంచి నిలబడి చూడవలెను. ఫెర్రీ అయిదింటికి పోవును.

(ఇ) జతపరచిన చెక్కును చింపలేదు. తమ లేఖ ప్రకారము అది చట్టసమ్మతమైనది. ఆ లేఖ ఏ ఫైలులో ఉన్నదో ఇదీ అక్కడే ఉంచగలరు.

బదులు రాసినా రాయకపోయినా, పై అంశములు ఆసాంతము చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు అని రాయాలట, రాశాను,
సెల్బీ యెట్‌మన్

జతపరచినవి: జూన్ 14వ తేదీ చెక్కు ఒకటి. ఎఫీ గారి చీటీలు ఏడు.

తా.క. ఒక నిమిషం లోపే అని 17వ అంశంలో రాశాను. గడియారం చూశావా అని తమరు అడుగుతారు కాబట్టి ఇది అదనంగా రాస్తున్నాను. దీనికి నంబరు లేదు.

నాకు ఫోను లేదు. జాబితాలో నా పేరు ఎదురుగా మెల్వినా వేసింది తన నంబరు. ఖాతా కూడా తనే తెరిచింది, ఇద్దరి పేర్ల మీద. మూడేళ్ళ క్రితం ఆ అర్జీ పంపిన రోజు ఫోను పట్టుకుని సాయంత్రం దాకా ఏదో గెలుకుతూ కూర్చుంది. ఏం చేస్తున్నావే అంటే, "నీ జీతం ఇందులో పడ్డప్పుడల్లా గుడ్డు పెట్టిన కోడిలా అరవాలని పెడుతున్నానయ్యా. నువ్వు పీతల దగ్గరున్నా నాకు తెలిసిపోతుంది, పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేస్తా" అంది. ఆ రోజు నాకు ఒకసారి వినిపించి తెగ నవ్వింది. తర్వాత మూడేళ్ళలో ఆ కోడి ఒక్కసారీ అరవలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన సంచిలో ఆ ఫోను ఉంది. వంటింటి సొరుగులో, చెంచాల పక్కన పెట్టాను. ప్రతి ఆదివారం చార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని అడగవద్దు.

స్నూక్ గారు "ఆ చెక్కు చింపెయ్" అన్నారని, నేను ఏదో అడిగానని, ఆయన మర్యాద అన్నారని రాశాను కదా. ఆ మర్యాద అనే మాట ఇంకా నోట్లో ఉండగానే సొరుగులో కోడి అరిచింది. కొక్కొక్కొక్కొ, కొక్కోక్ అని, చెంచాలు కూడా గలగలమన్నాయి.

ఆయన ఉలిక్కిపడి బల్ల కిందికి వంగి చూశారు. "కోళ్ళు పెంచుతున్నావేంటి అబ్బాయ్?"

"లేదు సార్. మెల్వినాకి నా జీతం అందింది."

ఆయన సొరుగు వంక చూశారు. నా వంక చూశారు. మళ్ళీ అరిచింది.

"ఆపు దాన్ని."

"నాకు ఆపడం రాదు సార్. ఆమెకే వచ్చు."

ఆయన లేచారు. కుర్చీ వెనక్కి పడింది, ఎత్తలేదు. గుమ్మం దాటి పోతుంటే నేను వెనకనుంచి అన్నాను: "తలుపు వేసి పోండి సార్."

వేశారు.

ఆ సందేశం తెరిచి చదివితే కోడి ఊరుకుంటుందట, చదవనంతకాలం గంటకోసారి గుర్తు చేస్తూనే ఉంటుందట. గెర్టీ చెప్పింది, తీసి చూపించనా అన్నా అని కూడా అడిగింది. వద్దన్నాను. నిన్న ఆదివారం మళ్ళీ చార్జింగ్ పెట్టాను. ఇవాళ ఈ అర్జీ రాస్తుండగా ఇప్పటికి నాలుగుసార్లు అరిచింది, అరిచినప్పుడల్లా లేచి వెళ్ళి టీ నీళ్ళు పెడుతున్నాను.